ఎంటీబీ (మౌంటెన్ బైక్) మీద 200, 300 కిలోమీటర్లు తొక్కాలంటే ఏ గేర్లు తీసుకోవాలి?

మొన్న రాత్రి పదకొండింటికి మా బావమరిది ఫోన్ చేశాడు. ఈ చలికాలంలో 200 కి.మీ. బీఆర్ఎం (గడువులోపు ముగించాల్సిన లాంగ్ రైడ్) తొక్కాలట, రోడ్ బైక్ వద్దట, ఎంటీబీనే కావాలట, ఎందుకంటే ఊళ్ళో పొలం దారికీ అదే, సిటీలో గుంతల రోడ్డుకీ అదే. ఇంతవరకు బాగానే ఉంది. "బావా, ఒకదానికి 21 గేర్లున్నాయి, ఇంకోదానికి పన్నెండే ఉన్నాయి, కానీ పన్నెండు గేర్లదానికే ఎక్కువ రేటు చెప్తున్నాడు, మనల్ని వెర్రివాళ్ళని చేస్తున్నాడా?" అన్నాడు. నా నిద్ర ఎగిరిపోయింది. వాడికి ఫోన్‌లో గంటసేపు చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను, ఇదే ప్రశ్న నన్ను అడిగినవాళ్ళలో వాడు ఆరోవాడో ఏడోవాడో.

ముందు ఆ 21 సంగతి. ముందు పెడల్ దగ్గర మూడు పళ్ళ చక్రాలు (రింగులు అంటాం), వెనక చక్రం దగ్గర ఏడు, హెచ్చవేస్తే 21. మన దగ్గర తక్కువ రేటు ఎంటీబీల్లో ముందు 42, 34, 24 పళ్ళు, వెనక 14 నుంచి 28 పళ్ళు ఉండడం మామూలు. ముందు పళ్ళని వెనక పళ్ళతో భాగించండి. అన్నిటికంటే తేలిక గేర్ 24/28, అంటే 0.86. అన్నిటికంటే బరువు గేర్ 42/14, అంటే 3. తేలికదానికీ బరువుదానికీ మధ్య తేడా మూడున్నర రెట్లే. ముందు ఒక్కటే 32 పళ్ళ రింగు, వెనక 10 నుంచి 51 పళ్ళు ఉన్న పన్నెండు గేర్ల సైకిల్‌లో తేలిక గేర్ 0.63, బరువు గేర్ 3.2, తేడా ఐదు రెట్లు పైనే. 21 గేర్లలో సగం ఒకదాని మీద ఒకటి పడిపోతాయి: 42/20 వేసినా 34/16 వేసినా కాలికి తెలిసే తేడా ఏమీ లేదు. కాబట్టి గేర్ల సంఖ్య చూసి కొనకండి, పళ్ళు లెక్కపెట్టి కొనండి. షాపులో వంగి పళ్ళు లెక్కపెడుతుంటే సేల్స్ అబ్బాయి వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఇంకో చిన్న లెక్క నేర్చుకుంటే ఎవరి సలహా అక్కర్లేదు, నాది కూడా. 29 అంగుళాల చక్రం, 2.2 వెడల్పు టైరు అయితే చుట్టుకొలత సుమారు 2.29 మీటర్లు. గేర్ నిష్పత్తిని దీంతో హెచ్చవేస్తే పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ ఎంత దూరం పోతుందో వస్తుంది. దాన్ని నిమిషానికి ఎన్ని చుట్లు తొక్కుతారో (కేడెన్స్ అంటాం) దాంతో హెచ్చవేస్తే నిమిషానికి ఎన్ని మీటర్లో తెలుస్తుంది, ఇంకో 60తో హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే గంటకు కిలోమీటర్లు. పాత 26 అంగుళాల చక్రమైతే అన్ని గేర్లూ ఒక పది శాతం తేలికవుతాయి. అంతే, ఇంతకంటే గణితం లేదు.

ఇప్పుడు అసలు విషయం. లాంగ్ రైడ్‌కి గేర్లు చూసేటప్పుడు అందరూ ముందు అడిగేది "టాప్ స్పీడ్ ఎంత వస్తుంది" అని. నా మాట నమ్మండి, అది ఆఖరున చూడాల్సింది. 200 కి.మీ. బీఆర్ఎంకి ఇచ్చే టైమ్ 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. టీ, టిఫిన్, పంక్చర్, చెట్టు కింద కునుకు అన్నీ కలిపి సగటు గంటకు 15 కి.మీ. చుట్టూ ఉంటే చాలు. మామూలు ఎంటీబీ రైడర్ రోడ్డు మీద 20 నుంచి 25 మధ్య నడుపుతాడు. 32 ముందు, 11 వెనక ఉన్న సైకిల్‌తో 80 కేడెన్స్‌లో 32 కి.మీ. వేగం వస్తుంది, అంతకంటే ఎక్కువ దిగుడులోనే వస్తుంది, దిగుడులో తొక్కడం ఆపేసి హాయిగా కూర్చోవచ్చు. 42/11తో 42 కి.మీ. వేగం వస్తుందని మురిసిపోయేవాడు ఆ గేర్‌ని ఎదురుగాలిలో ఒక్కసారి వేసి చూడాలి.

చూడాల్సినవి రెండు. కాళ్ళలో శక్తి అయిపోయాక ఘాట్ ఎక్కించే గేర్ ఉందా? రోజంతా వాడే 20–25 వేగం దగ్గర గేర్లు దగ్గర దగ్గరగా ఉన్నాయా? మొదటిది అందరికీ తెలుసు, రెండోది దాదాపు ఎవరూ చూడరు.

మొదటిదానికి శ్రీశైలం కంటే మంచి ఉదాహరణ లేదు. హైదరాబాద్ నుంచి కడ్తాల్, ఆమన్‌గల్, డిండి మీదుగా మన్ననూర్ దాకా ఎగుడుదిగుడులే తప్ప పెద్ద కష్టమేమీ ఉండదు, తర్వాత నల్లమల అడవి, దోమలపెంట, ఈగలపెంట, అక్కణ్ణుంచి మలుపులు మలుపులుగా డ్యామ్ దగ్గరికి దిగుతాం. దిగేటప్పుడు బాగుంటుంది. కానీ కృష్ణ అడుగున ఉంది కదా, గుడికి వెళ్ళాలంటే అటు ఎక్కాలి, వెనక్కి రావాలంటే ఇటు ఎక్కాలి. అప్పటికి ఒంట్లో 190 కి.మీ. ఉంటాయి. నేను మొదటిసారి పోయింది అదే 42-34-24, 14–28 సైకిల్ మీద. నేను, సైకిల్, వెనక బ్యాగు, నీళ్ళు అన్నీ కలిపి వంద కిలోలు అనుకోండి. అలసిన మామూలు మనిషి కాళ్ళ నుంచి 130 వాట్లు వస్తే గొప్ప. 7 శాతం వాలులో ఆ శక్తికి వచ్చే వేగం ఆరు కిలోమీటర్ల లోపే. ఆరే అనుకున్నా 24/28లో కేడెన్స్ 51. వాలు 10 శాతానికి పెరిగితే వేగం నాలుగు చిల్లర, కేడెన్స్ 36. నిమిషానికి 36 అంటే పెడల్ తొక్కడం కాదు, రోలు పొత్రం తిప్పడం. ఒక్కో తొక్కుకి మొత్తం బరువు మోకాలి మీద పడుతుంది. నేను కిలోమీటరున్నర తోసుకుంటూ పోయాను, ఆ తర్వాత వారం రోజులు మెట్లు దిగాలంటే గోడ పట్టుకున్నాను. పక్కన బస్సులోంచి ఎవరో పిల్లవాడు చెయ్యి ఊపాడు, తిరిగి ఊపే ఓపిక కూడా లేదు.

అదే 7 శాతం ఎక్కుడు, అదే 130 వాట్లు, 32/51 గేర్‌తో అయితే కేడెన్స్ 70కి దగ్గర. 22/34తో 68. 34/51తో 65. ఈ మూడూ దాదాపు ఒకటే, చూశారా? అంటే ఎక్కడానికి పన్నెండు గేర్ల కొత్త సైకిలే కావాలని లేదు, ముందు 22 పళ్ళ చిన్న రింగు ఉన్న పాత త్రీబై (ముందు మూడు రింగుల) సైకిల్ కూడా అంతే బాగా ఎక్కుతుంది. నా కొలబద్ద ఏమిటంటే, సామానుతో ఘాట్ రోడ్లకి పోయేవాళ్ళకి అన్నిటికంటే తేలిక గేర్ 0.7 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. అనంతగిరి, వికారాబాద్ వైపు వీకెండ్ తొక్కుడుకి 0.85 సరిపోతుంది. ఎస్.కోట నుంచి అరకు ఘాట్, పాడేరు, మారేడుమిల్లి, హార్స్‌లీ హిల్స్ అంటే 0.7 మర్చిపోకండి. మనాలి–లేహ్ కలలు ఉన్నవాళ్ళు 0.63కి దిగండి, 5,328 మీటర్ల తంగ్‌లంగ్ లా దగ్గర గాలే సగం ఉంటుంది, ఆ 130 వాట్లు కూడా రావు.

చేతిలో డబ్బు లేక 21 గేర్లదే ఉంటే ఒక చిట్కా. వెనక 14–28 ఫ్రీవీల్ (వెనక పళ్ళ చక్రాల గుత్తి) తీసి 14–34 మెగారేంజ్ ఫ్రీవీల్ వేయించండి. 24/34 అంటే 0.71. చాలా తక్కువ ఖర్చుతో ఘాట్ గేర్ వస్తుంది. 24 నుంచి ఒక్కసారిగా 34కి దూకుతుంది, కొంచెం మోటుగా ఉంటుంది, ఎక్కుడులో అది ఎవరికి పట్టింది. మీ వెనక డీరైలర్ (చైన్‌ని ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) 34 పళ్ళ దాకా తీసుకుంటుందో లేదో, చైన్ పొడవు చాలుతుందో లేదో మాత్రం ముందే చూపించుకోండి. ఇంకోటి, ఈ ఫ్రీవీల్ హబ్బుల్లో ఇరుసుకి బేరింగ్ ఆసరా చివరిదాకా ఉండదు, వెనక భారీ సామాను పెట్టి గుంతల్లో దూకిస్తే ఇరుసు వంగుతుంది. పళ్ళ గుత్తి (క్యాసెట్) విడిగా, తిరిగే భాగం (ఫ్రీహబ్) హబ్బులోనే ఉన్న చక్రానికి ఈ బాధ తక్కువ. సెకండ్‌హ్యాండ్ చూసేటప్పుడు వెనక 8 గేర్లో 9 గేర్లో ఉంటే దాదాపుగా ఫ్రీహబ్బే, 7 ఉంటే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు రెండోది, రోజంతా వాడే గేర్. వన్‌బై (ముందు ఒకే రింగు) సైకిల్ కొన్నవాళ్ళలో చాలామంది 150 కి.మీ. దాటాక "ఏదో సరిగ్గా కుదరట్లేదు, ఒక గేర్‌లో బరువు, ఇంకో గేర్‌లో కాళ్ళు గాల్లో తిరుగుతున్నాయి" అంటారు. వాళ్ళకి ఒంట్లో బాగాలేక కాదు. వెనక పదకొండు గేర్ల 11–51 క్యాసెట్ పళ్ళు వరసగా చూడండి: 11, 13, 15, 18, 21, 24, 28, 33, 39, 45, 51. ముందు 32 పెట్టి 85 కేడెన్స్‌తో తొక్కితే 15లో వేగం 24.9, 18లో 20.8. మధ్యలో ఏమీ లేదు! మనం రోజంతా ఉండేది సరిగ్గా ఆ గుంటలోనే. 23 దగ్గర ఎదురుగాలి కొడితే 15లో కాళ్ళు బిగుసుకుంటాయి, 18లో కేడెన్స్ 94 అయిపోతుంది. గంటకోసారి అయితే పర్లేదు, పది గంటలు ఇదే అయితే చికాకుతో పాటు మోకాళ్ళూ మాట్లాడతాయి.

షిమానో కంపెనీ పన్నెండు గేర్ల 10–51లో వరస 10, 12, 14, 16, 18, 21, 24 అని పోతుంది. అదే 32 రింగుతో 26.7, 23.4, 20.8. బాగా మెరుగు. పదకొండుకీ పన్నెండుకీ మధ్య ఒక్క గేరేగా అనుకుంటాం, ఆ ఒక్కటీ మనకు కావలసిన చోటే పడింది.

కానీ నాకు అన్నిటికంటే నచ్చేది పాతబడిపోయిందని అందరూ వదిలేసిన టూబై: ముందు 36, 22, వెనక పది గేర్ల 11–36. వరస 11, 13, 15, 17, 19, 21, 24, 28, 32, 36. 36 రింగులో పెట్టి 85 కేడెన్స్‌తో తొక్కితే 28, 24.7, 22.1, 20. మెట్లు ఇంట్లో మెట్లలా ఉన్నాయి, గోడ దూకినట్టు లేవు. పైగా ఆ గేర్లన్నీ క్యాసెట్ మధ్యలో పడతాయి, చైన్ తిన్నగా నడుస్తుంది, చప్పుడు ఉండదు, అరుగుదలా తక్కువ. ఘాట్ వస్తే 22లోకి దించితే 22/36 అంటే 0.61, అంటే 32/51 కంటే కూడా తేలిక. మొత్తం తేడా 5.35 రెట్లు, పన్నెండు గేర్లవాడి కంటే ఒక పిసరు ఎక్కువే. దీన్ని పాతకాలం సరుకు అనడం నాకు అర్థం కాదు. 2012లో శ్రామ్ కంపెనీ ఎక్స్‌ఎక్స్1 గేర్ సెట్‌తో ముందు డీరైలర్ తీసేసే ఫ్యాషన్ మొదలైంది, 2016లో అదే కంపెనీ ఈగిల్ వచ్చి వెనక 10–50 పెట్టేసరికి టూబై పని అయిపోయిందన్నారు. అడవి దారిలో, రాళ్ళలో దూకించేవాళ్ళకి అది నిజమే: ఒక్క షిఫ్టర్ (గేర్ మార్చే మీట), చైన్ జారదు, సీటు ఎత్తు దించే డ్రాపర్ లీవర్‌కి చోటు దొరుకుతుంది. మనం తొక్కేది తారు రోడ్డు మీద పన్నెండు గంటలు. వాళ్ళ అవసరం వేరు, మనది వేరు.

త్రీబై సంగతి కూడా చెప్పాలి. 42-32-22 ముందు, 9 గేర్ల 11–34 వెనక: తేడా దాదాపు ఆరు రెట్లు, ఎవడికీ అంత లేదు. బరువు ఎక్కువ, ముందు డీరైలర్ ట్యూనింగ్ తలనొప్పి, 42లో పెట్టి వెనక పెద్దదాంట్లోకి పోయి చైన్ గిర్రుమనిపించడం, ఇవన్నీ నిజమే. కానీ దీని వల్ల నేను ఒకసారి ఇంటికి చేరాను కాబట్టి దీన్ని తిట్టలేను. డిండి దాటాక వెనక గేర్ కేబుల్ షిఫ్టర్ లోపల తెగిపోయింది. కేబుల్ తెగితే డీరైలర్ స్ప్రింగ్ లాగి చైన్‌ని అన్నిటికంటే చిన్నదాంట్లో, 11లో పడేస్తుంది. వన్‌బై అయితే అక్కడితో 32/11, ఒకే ఒక బరువు గేర్, ఎక్కుడు వస్తే దిగి తోయడమే. నాకు ముందు మూడు రింగులు ఉన్నాయి. డీరైలర్ మీద హెచ్ అని రాసున్న లిమిట్ స్క్రూని స్క్రూడ్రైవర్‌తో లోపలికి బిగిస్తే డీరైలర్ లోపలికి జరుగుతుంది, అలా 15 మీద నిలబెట్టాను. ఇంక ముందు 22, 32, 42 మార్చుకుంటూ 1.47, 2.13, 2.8, మూడు గేర్ల సైకిల్ తయారు. 110 కి.మీ. అలాగే వచ్చాను, టైమ్‌లోనే. వన్‌బై ఉన్నవాళ్ళు కూడా ఈ స్క్రూ ఉపాయం నేర్చుకోండి, కనీసం 32/15 దొరుకుతుంది. ఇంకా మంచిది, స్పేర్ కేబుల్ ఒకటి హ్యాండిల్ గొట్టంలో చుట్టి పెట్టుకోండి, బరువు తెలియనే తెలియదు.

సామాను దొరకడం గురించి. హైవే మీద చిన్న ఊళ్ళో సైకిల్ షాపులో 6, 7, 8 గేర్ల చైన్ దొరికే అవకాశం ఉంది, ఆ మూడిటికీ ఒకటే వెడల్పు చైన్. 12 గేర్ల చైన్ గానీ, దాని క్విక్ లింక్ (తెగిన చైన్‌ని కలిపే లింకు) గానీ అక్కడ అడిగితే మీ ముఖం చూసి టీ ఇప్పిస్తారు. లాంగ్ రైడ్‌లో చైన్ తెగడం, డీరైలర్ హ్యాంగర్ (డీరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క) విరగడం రెండూ జరిగేవే, కాబట్టి మీ చైన్‌కి సరిపోయే క్విక్ లింకులు రెండు, మీ ఫ్రేమ్‌కి సరిపోయే హ్యాంగర్ ఒకటి ఏ సైకిలైనా పెట్టుకోవాల్సిందే (హ్యాంగర్లు ఒక ఫ్రేమ్‌వి ఇంకోదానికి పట్టవు, కొన్న రోజే ఇంకోటి తీసుకోండి, మూడేళ్ళ తర్వాత ఆ మోడల్ దొరకదు).

అరుగుదల ఖర్చు మీద మాత్రం మొహమాటం లేకుండా లెక్క వేయండి. 8, 9 గేర్ల చైన్, క్యాసెట్ చవక. 12 గేర్ల క్యాసెట్ ధర పెట్టి కొన్నిచోట్ల పాత సైకిలే వస్తుంది. చైన్ చెకర్ అని చిన్న పనిముట్టు ఉంటుంది, 11, 12 గేర్ల చైన్ 0.5 శాతం సాగగానే, 8 నుంచి 10 గేర్లదైతే 0.75 దగ్గర మార్చేయాలి. మార్చకపోతే చైన్‌తో పాటు క్యాసెట్ కూడా పోతుంది. నెలకి వెయ్యి కిలోమీటర్లు తొక్కేవాడికి ఇది ఏటా కనబడే ఖర్చు. షిమానో 2023లో తెచ్చిన క్యూస్ లింక్‌గ్లైడ్ క్యాసెట్లు మందమైన పళ్ళతో మూడు రెట్లు ఎక్కువ మన్నుతాయని కంపెనీ చెబుతోంది. కొంచెం బరువు ఎక్కువే, రోడ్డు మీద దూరాలు తొక్కేవాళ్ళకి ఆ బేరం నాకు బాగానే అనిపిస్తుంది.

వన్‌బై 12 ఇప్పటికే ఉన్నవాళ్ళు కంగారు పడొద్దు. ముందు 32 తీసి 34 వేయండి. చాలా క్రాంకులకి (పెడల్ చేతులకి) దొరుకుతుంది, ఖర్చు తక్కువ, మీరు రోజంతా ఉండే గేర్ 16, 18 దగ్గరికి జరుగుతుంది, చైన్ కొంచెం తిన్నగా అవుతుంది, ఘాట్ గేర్ ఇంకా 0.67 మిగులుతుంది. 36 కూడా వేయొచ్చు, కానీ చాలా ఎంటీబీ ఫ్రేముల్లో చైన్‌స్టేకి (వెనక చక్రం దాకా పోయే ఫ్రేమ్ గొట్టానికి) రాసుకుంటుంది, ఫ్రేమ్‌కి ఎంత పెద్ద రింగు పడుతుందో ముందు చూడండి. నేను చూడలేదు. షాపువాడు కూడా చూడలేదు. ఫ్రేమ్ మీద గీత ఇప్పటికీ ఉంది. రింగు పెంచితే చైన్ కూడా ఒక లింకు పెంచాల్సి రావచ్చు, 51లో పెట్టి డీరైలర్ మరీ ముందుకి లాగబడుతుందేమో చూసుకోండి.

ఇంతకీ ఎవరికి ఏది? కొత్తది కొంటున్నారు, ట్యూనింగ్ తలనొప్పి వద్దు, సగం రోడ్డు సగం మట్టి అయితే: పన్నెండు గేర్ల వన్‌బై, 34 రింగు. పదకొండు గేర్ల 11–51 రేటు తక్కువని తీసుకోకండి, ఆ 15–18 గుంట మీకు 200లోనే తెలుస్తుంది, ఆ తేడా డబ్బు పెట్టేయండి. పూర్తిగా రోడ్డు, ఎస్ఆర్ (సూపర్ రాండనర్) పూర్తి చేయాలి, అంటే ఏడాదిలో 200, 300, 400, 600 నాలుగూ: టూబై 36/22, కొత్త ఫ్రేముల్లో ముందు డీరైలర్ బిగించే చోటే ఉండట్లేదు కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. బడ్జెట్ బిగువు, దూరాలు ఇంకా కొత్త: 3×8 లేదా 3×9, ముందు 22 ఉన్నది. కెనడాలో బాన్ఫ్ నుంచి అమెరికా–మెక్సికో సరిహద్దు దాకా సాగే టూర్ డివైడ్ 4,000 కి.మీ. పైన ఉంటుంది, అక్కడ వన్‌బై నుంచి సింగిల్ స్పీడ్ దాకా అన్నిటి మీదా తొక్కినవాళ్ళు ఉన్నారు. వెనక హబ్ లోపలే పద్నాలుగు గేర్లు దాచుకునే రోలోఫ్ కూడా ఉంది, మట్టీ నీళ్ళూ ఏమీ చేయలేవు. దాని రేటు తెలిశాక దాని గురించి మాట్లాడటం మానేశాను.

మా బావమరిది చివరికి ఎవరో అమ్ముతుంటే 2×10 ఎంటీబీ కొన్నాడు. నాకు ఫోటో పంపాడు, చైన్ 1 శాతం సాగిపోయి ఉంది, వెనక 17, 19 చక్రాల పళ్ళు సొరచేప పళ్ళలా వంకరపోయాయి. ఆ రెండు చక్రాలే ఎందుకు అరిగాయో ఇప్పుడు మీకు తెలుసు. చైన్, క్యాసెట్ కలిపి మార్చమన్నాను. సర్వీస్‌కి తీసుకెళ్తే అక్కడి మెకానిక్ "ముందు డీరైలర్ తీసేసి వన్‌బై చేసేద్దాం బ్రదర్, నీట్‌గా ఉంటుంది" అన్నాడట. వాడు అక్కణ్ణుంచే నాకు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టమన్నాను.